కెమెరాకు చూపించే డబ్బా

నర్సరీ పిల్లల తల్లిదండ్రులకు మా స్కూల్లో మొదటిరోజే చెప్పే నియమం ఒకటుంది. మధ్యలో ఎవరూ క్లాసుకు రాకూడదు, బిడ్డను చూడాలనిపిస్తే తమ ఆఫీసులోనే ఫోన్ తెరిచి చూసుకోవాలి. అందుకే నా క్లాసు గోడకు కెమెరా పెట్టారు. మొదటి వారమంతా "మావాడి ముక్కు తుడవండి మేడం" అంటూ ఫోన్లు చేసి నా ప్రాణం తీశారు.

ఒక పాపకు వాళ్లమ్మ ఆ కెమెరా చూపించి, "నేను అందులోంచి నిన్ను చూస్తుంటాను బంగారం" అని చెప్పి వెళ్లింది. అప్పటి నుంచి ఆ పాప రోజూ అన్నం తినగానే కుర్చీ ఎక్కి, ఖాళీ డబ్బాను కెమెరాకు చూపించేది.

దసరా సెలవుల తర్వాత కెమెరా పాడైంది. "ఇగ ఫోన్ల మీద ఫోన్లు వస్తయి మేడం" అంది మా ఆయమ్మ. నేనూ తిట్లు తినడానికి సిద్ధపడ్డాను. ఒక్క ఫోనూ రాలేదు. నెల దాటినా రాలేదు. మా కిటికీలోంచి కనబడే ఆ హైటెక్ సిటీ అద్దాల ఆఫీసుల్లో ఒక్కరైనా ఫోన్ తెరిచి చూడలేదా అని నాకు ఒళ్లు మండిపోయింది. పాప మాత్రం డబ్బా చూపిస్తూనే ఉంది.

ఓ సాయంత్రం గేటు దగ్గర వాళ్లమ్మ అడిగింది.

"ఇవాళ అన్నం మొత్తం తిన్నావా?"

"డబ్బా చూపించాను కదమ్మా!"

"అవునవును, చూశాను బంగారం," అంది ఆవిడ, చెవి దగ్గరి ఫోన్ తీయకుండానే.

పాప నావైపు గర్వంగా చూసింది.

మర్నాడు మళ్లీ డబ్బా పట్టుకుని కుర్చీ ఎక్కింది. పడిపోకుండా ఆ కుర్చీని నేనే పట్టుకున్నాను.