పాదుషా నిలువుటంగీ

పోలీసు యాక్షన్ తర్వాత కరీంనగర్ సర్కారు కచేరీల్లో షేర్వానీలు ఒక్కటొక్కటిగా మాయమయ్యాయి. నేను షేర్వానీల దర్జీని. నిలువు గుడ్డను మనిషి ఒంటికి అతికినట్టు కత్తిరించడమే నాకు వచ్చిన విద్య. బుష్‌కోట్లు కుట్టి బతుకుతున్నా, వాటిని చూస్తే ఒళ్లు మండేది. సంచికి చేతులు పెడితే బుష్‌కోటు.

అలాంటి రోజుల్లో బడిలో నాటకాలు వేయించే సారు ఒక చరిత్ర పుస్తకం పట్టుకొని నా దుకాణానికి వచ్చాడు. అందులో గోల్కొండ కాలం నాటి పాదుషా బొమ్మ. చంక కింద నాడాలతో కట్టుకునే నిలువుటంగీ, నడుము నుంచి పాదాల దాకా కుచ్చిళ్లు.

"అచ్చం గిట్లనే కావాలె కాకా. జరంత గూడ తేడా రావద్దు" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. చేతిలో పనితనం ఇంకా ఉందని చెప్పుకోవడానికి ఈ ఒక్కటి చాలనుకున్నాను.

"ఎనుక ఎట్లుంటది సారూ?" అని అడిగాను. బొమ్మలో ముందువైపే ఉంది. ఆయనకు తెలియదు. తక్కిన సార్లకూ తెలియదట. అంత చదివినవాళ్లలో పాదుషాకు వీపు ఉంటుందని ఒక్కరికీ తోచలేదు. చివరికి నేనే పాత దుప్పటి మీద మూడుసార్లు కత్తిరించి చూసి వీపు తేల్చుకున్నాను. పాదుషా వేషం లెక్కల సారుది. సన్నటి మనిషి, ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది. అది కనపడకుండా కుట్టాను. తొడుక్కున్నాక ఆయన అద్దం ముందు నుంచి కదలలేదు.

నాటకం రోజు పొద్దున నాటకాల సారు మొహం వేలాడేసుకొని వచ్చాడు. వెంట బడికి తెర ఇప్పించిన పెద్దమనిషి. పాదుషా వేషం తానే వేస్తానన్నాడట. మనిషి బానలా ఉన్నాడు. కుట్టులో నేను వదిలింది రెండు వేళ్ల గుడ్డ, ఆయన పొట్టకు జానెడు కావాలి.

"ఎనుక చీరి నాడాలు పెట్టు కాకా. పాదుషా ఎనుకకు తిరుగకుంట నేను చూసుకుంట" అన్నాడు సారు.

వాళ్ల చేతికి కత్తెరిస్తే పిచ్చోడి చేతిలో రాయే. అందుకని నేనే కోశాను, మెడ నుంచి కింది అంచు దాకా. ఎంత కోపంతో కోసినా కత్తిరింపు వంకర పోలేదు. దిక్కుమాలిన అలవాటు.

నాటకం బాగుందన్నారు. అంగీ మరీ బాగుందన్నారు. వారం తిరగకముందే చెన్నూరు బడి నుంచి ఒక పంతులు వచ్చి, తమకూ అలాంటిదే కావాలన్నాడు, వెనక నాడాలున్నదే. నేను టేపు తీసుకొని లేచాను.

"కొలతలెందుకు కాకా? ఎవలు తొడుగుతరో మాకే ఎర్క లేదు. ఎవలకైన పట్టాలె, అంతే."

"సక్కగ నిలబడు సారూ" అని ఆయన భుజాలు, ఛాతీ, నడుము అన్నీ కొలిచాను. ఆయన నవ్వుకుంటూ నిలబడ్డాడు. అంతా కొలిచాక రాసుకోవలసింది ఏమీ లేదని తెలిసి ఏడుపొచ్చింది.