వెనిస్‌లో నాకు దొరికిన గది

సహోదరులారా, సహోదరీలారా, మా ఆయన తలకు ఆపరేషన్ జరిగిందని, స్పృహ లేదని, వెంటనే బయలుదేరమని ఇటలీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను అప్పుడే పుట్టిన బిడ్డను తువ్వాలులో చుడుతున్నాను. నా చేతులు ఖాళీ లేవని పక్కనున్న సిస్టర్ ఫోన్ నా చెవి దగ్గర పట్టుకుంది. బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

నన్ను మీలో చాలామంది ఎరుగుదురు. నా పేరు కరుణ, మాది పాలకొల్లు పక్కన పల్లె, ఈ దమ్మామ్‌లో కాన్పుల వార్డులో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. మా ఆయన ప్రకాశరావు గారు చమురు ఓడల మీద ఇంజిన్ గదిలో పని చేసేవారు. ఆయన ఓడ ఇక్కడి రాస్ తనూరా రేవుకు వచ్చి చమురు నింపుకుని వెళ్తుంది కాబట్టే నేను ఈ ఊళ్లో ఉద్యోగం పట్టుకున్నాను. వాళ్లను ఒడ్డుకు దిగనిచ్చేవారు కాదు, నేను లోపలికి వెళ్లగలిగేదాన్ని కాదు, అయినా ఓడ రేవులో ఉన్న రెండు రోజులూ నా మనిషి గంట ప్రయాణం దూరంలో ఉన్నాడన్న ధైర్యంతో బతికేదాన్ని. ఆ చలికాలంలో ఓడ వెనిస్ దగ్గరి రేవులో ఆగి ఉండగా ఆయన ఇంజిన్ గదిలోనే కుప్పకూలిపోయారట. మెదడులో రక్తనాళం చిట్లింది.

సౌదీ దాటి వెళ్లి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ కావాలి, ఆ దేశం వీసా కావాలి, నాకేమో ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు. మా వార్డు పెద్ద, సౌదీ ఆవిడ, అన్నేళ్లలో నాతో పని మాట తప్ప మరో మాట మాట్లాడలేదు. ఆవిడే నా కాగితాలు పట్టుకుని ఆఫీసుకు వెళ్లి, పని అయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదట. ఐదో రోజున నన్ను విమానాశ్రయానికి తీసుకెళ్లిన మా ఆస్పత్రి డ్రైవర్, హైదరాబాదు సలీం భాయ్, “రోనా నక్కో సిస్టర్, మై దువా కరతూఁ” అన్నాడు, ఏడవద్దని, తను ప్రార్థన చేస్తానని. దేవుని చెయ్యి అప్పటికే పని మొదలుపెట్టిందని ఇప్పుడు తెలుస్తోంది గాని, ఆ రోజు నా కళ్లకు ఏమీ కనిపించలేదు.

వెనిస్ అంటే నీళ్లలో కట్టిన ఊరని అందరూ ఫోటోల్లో చూసే ఉంటారు. ఆస్పత్రి మాత్రం నేల మీద ఉన్న కొత్త ఊళ్లో ఉంది. ఓడ కంపెనీ తరఫున అక్కడ పనులు చూసే ఏజెంటు నన్ను హోటల్లో దింపి, నాలుగు రోజులు మాత్రమే ఇస్తారని, ఆ తరువాత నేను వెనక్కి వెళ్లిపోవచ్చని, ఆయనను వాళ్లు చూసుకుంటారని చెప్పాడు. మంచంలో ఉన్న మా ఆయన్ను చూశాను. తల గుండు చేశారు, నోట్లో గొట్టం, కళ్లు మూతలు పడి ఉన్నాయి. నేను ఆయన చెవి దగ్గర వంగి, “ఏవండీ, కరుణను వచ్చాను” అన్నాను. ఎడమ చేతి చూపుడు వేలు కదిలింది. అక్కడి నర్సు చూసి డాక్టరును పిలుచుకొచ్చింది, మళ్లీ మాట్లాడమన్నారు, మళ్లీ కదిలింది. వాళ్ల భాషకూ, ఇంగ్లీషుకూ కదలని వేలు తెలుగు మాటకు కదిలింది సహోదరులారా. డాక్టరు ఇంగ్లీషులో, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా, “రోజూ రండి, ఎంతసేపైనా మాట్లాడండి, ఇప్పుడు మా మందుల కంటే అదే ఎక్కువ” అన్నాడు.

రోజూ రావాలంటే ఉండడానికి చోటు కావాలి గదా. అవి ముసుగుల పండుగ రోజులు. ప్రపంచంలో ఉన్న జనమంతా ఆ ఊరికే వచ్చినట్టు, రంగుల బట్టలు, ఈకల టోపీలు, ముఖాలకు తెల్లటి ముసుగులు. నీళ్ల ఊళ్లో గది దొరకనివాళ్లు, ధర భరించలేనివాళ్లు కొత్త ఊరికి వచ్చేస్తారు కాబట్టి అక్కడా ఖాళీ లేదు. మూడు రోజులు ఆస్పత్రి నుంచి రాగానే వీధి వీధీ తిరిగాను. ఫోన్‌లో చూస్తే మిగిలిన ఒకటీ అరా గదికి వారానికి నా రెండు నెలల జీతం అడుగుతున్నారు. అప్పటికే ఉన్నదంతా టికెట్టుకు, వీసాకు పోయింది. నాలుగో రోజు ఉదయం పదింటికి హోటల్ గది ఖాళీ చేసి పెట్టె పట్టుకుని బయటికి వచ్చాను. స్టేషన్ ఎదురుగా అరుగు మీద కూర్చుని ప్రార్థన చేశాను. అది ప్రార్థనో, నిష్టూరమో.

“ప్రభువా, నీకు తల వాల్చుకోవడానికి చోటు లేదని చదువుకున్నాను. నాకూ లేదు. ఆయన వేలు కదిలించినవాడివి నీవే అయితే ఆ మంచం పక్కన నన్ను ఉండనియ్యి. లేకపోతే నన్ను ఇంత దూరం ఎందుకు తెచ్చావు?”

ఆమెన్ అని కూడా అనలేదు. లేచి, పక్క సందులో బంగ్లాదేశ్ వాళ్ల కొట్టు కనిపిస్తే రొట్టె కొనుక్కుందామని వెళ్లాను. అప్పుడే వార్డులో నాతో పనిచేసే పాకిస్తానీ సిస్టర్ ఫోన్ చేసింది. ఏడుపు ఆపుకుంటూ, మనం ఇక్కడ మాట్లాడుకునే హిందీలోనే, “రూమ్ మాఫీ బహెన్, కుచ్ భీ మాఫీ” అన్నాను. మాఫీ అంటే లేదని మనకు తెలుసు. అరబ్బీ మాటను హిందీలో ఇలా కలిపేది గల్ఫ్‌లో ఉన్నవాళ్లే. కొట్లో బియ్యం బస్తా దింపుతున్న మనిషి ఆగిపోయి నావైపు తిరిగాడు.

“ఆప్ సౌదీ సే హై క్యా?” అన్నాడు, సౌదీ నుంచి వచ్చారా అని. దమ్మామ్ అన్నాను. అతను బస్తా కింద పెట్టేశాడు. పేరు మోనిర్ అట, సౌదీలోనే హఫర్ అల్ బాతిన్‌లో ఆరేళ్లు తాపీ పని చేసి, ఎన్నో దేశాలు తిరిగి చివరికి అక్కడ చేరాడట. నా సంగతంతా విని, తమ ఇంట్లో ఒక చిన్న గది ఉందని, అందులో ఉంటున్న మనిషి ఆ వారమే ఖాళీ చేశాడని, అతను ఇచ్చే అద్దె నేను ఇస్తే చాలని చెప్పాడు. నిజం చెప్పాలి, నాకు భయం వేసింది. తెలియని దేశం, తెలియని మగమనిషి. నా ముఖం చూసి అతనికి అర్థమైంది కాబోలు, భార్యకు ఫోన్ కలిపి నాకు ఇచ్చాడు. “ఆపా, ఆయియే. మై భీ దిన్ భర్ అకేలీ హూఁ” అని ఒక సన్నటి గొంతు పిలిచింది. తను కూడా పగలంతా ఒంటరిగా ఉంటున్నదట. అక్కా అని పిలిచిన ఆ పిలుపుకు నేను పెట్టె తీసుకుని బయలుదేరాను.

ఆ అమ్మాయి పేరు షిరీన్. ఎనిమిదో నెల కడుపుతో ఉంది. ఆ దేశం భాష ఒక్క ముక్క రాదు. మంచం పడితే నడవడానికి చోటు లేని గది అది, కానీ ఆస్పత్రి బస్సు ఆ వీధి చివరే ఆగుతుంది. రెండు రోజులు ఉదయం వెళ్లి సాయంత్రం దాకా మా ఆయనతో మాట్లాడి వచ్చాను. మూడో రోజు ఉదయం బయలుదేరబోతుంటే షిరీన్ వంటగదిలో గోడ పట్టుకుని నిలబడి ఉంది.

“ఏమైంది అమ్మా?” అని హిందీలో అడిగాను.

“ఏం లేదు ఆపా, చలికి తలనొప్పి. కళ్ల ముందు ఏవో మెరుస్తున్నాయి.”

దీపం వేసి ముఖం చూశాను. ఉబ్బిపోయి ఉంది. పాదం మీద వేలు నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. పద్నాలుగేళ్లుగా అదే పని చేసేదాన్ని, నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. మన ఊళ్లలో గుర్రపు వాతం అంటారే, బీపీ పెరిగిపోయి ఫిట్స్ వచ్చి తల్లినీ బిడ్డనూ తీసుకుపోయే జబ్బు, అది గుమ్మంలో నిలబడి ఉంది. మోనిర్ మందుల షాపుకు వెళ్లి మాత్ర తెస్తానన్నాడు. “మాత్ర కాదు తమ్ముడూ, అంబులెన్స్ పిలు. ఇప్పుడే పిలు” అన్నాను. అతను నన్ను ఎందుకని అడగలేదు. అంబులెన్స్‌లో ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, చెయ్యి పట్టుకుని, దారి పొడుగునా లోలోపల యేసయ్యను పిలుస్తూనే ఉన్నాను. మా ఆయన ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లారు, మెట్ల దగ్గర దింపుతుండగానే ఫిట్స్ మొదలైంది. డాక్టర్లు చేతికి అందే దూరంలో ఉన్నారు కాబట్టి పట్టుకోగలిగారు, గంటలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఇంట్లోనే వచ్చి ఉంటే ఇద్దరిలో ఒక్కరు కూడా దక్కేవారు కాదని ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మోనిర్‌తో చెప్పింది.

నేను ఆ వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా ఒళ్లంతా గగుర్పొడిచింది. నేను గది కోసం వెతుకుతున్నానని అనుకున్నాను. ఆ మూడు రోజులూ ఊళ్లో తలుపులన్నీ మూసుకుపోతుంటే దేవుడు నన్ను మరిచిపోయాడని అనుకున్నాను. ఒక్క తలుపు తెరుచుకున్నా నేను అందులోకి వెళ్లిపోయేదాన్నే, ఈ అమ్మాయి ఆ ఉదయం గోడ పట్టుకుని ఒక్కతే ఉండేది. ఆయన ఎవరి ప్రార్థన వింటున్నాడో, ఎవరి కోసం ఎవరిని ఏ దేశం నుంచి నడిపిస్తున్నాడో మనకేం తెలుసు? వాళ్లు మన విశ్వాసంలో ఉన్నవాళ్లు కారు. ఆయన అది అడగలేదు సహోదరులారా. ఆ ఘనుని ముందు నా నిష్టూరానికి సిగ్గుపడ్డాను, చెప్పులు విప్పి ఆ చల్లటి రాళ్ల మీద నిలబడి ఏడ్చాను.

ఆ తరువాత ఒక అంతస్తులో షిరీన్, మూడు అంతస్తుల పైన మా ఆయన, మధ్యలో మెట్లు ఎక్కుతూ దిగుతూ నేను. నేను ఆ ఊరు చేరిన పన్నెండో రోజు మధ్యాహ్నం, ఆయనకు పాలకొల్లు సంగతులేవో చెబుతూ మాట మరిచిపోయి ఆగాను. ఆయన పెదవులు కదిలాయి. చెవి దగ్గర పెట్టాను. “చెప్పు” అన్నారు. అంతే, ఆ ఒక్క మాట. దేవునికే మహిమ.

మోనిర్ ఆ నెలన్నర అద్దె తీసుకోలేదు. నేను ఎంత బతిమాలినా, “ఆపా, ఇది మీ ఇల్లే” అన్నాడు. మేము విమానం ఎక్కే రోజు షిరీన్ బిడ్డను మా ఆయన ఒడిలో పెట్టింది, ఆయన ఎడమ చేతితోనే ఎత్తుకున్నారు.

అంతా మునుపటిలా అయిందని నేను చెప్పను. ఆయన కుడి కాలు ఈడ్చుకుంటూ నడుస్తారు, ఇక ఓడ ఎక్కలేరు. ఎందుకు అలా అని నేను ఇంకా అడుగుతూనే ఉంటాను, జవాబు రాలేదు. కానీ మీలో ఎవరికైనా తట్టిన ప్రతి తలుపూ మూసుకుపోతుంటే, కాగితాలు ఆగిపోయి ఉంటే, మంచంలో మీవాళ్లు ఎక్కడో దూరంగా ఉంటే, నాలాగా నిష్టూరంగానైనా సరే ఆయనను అడగండి. మంచి మాటలు రావాలని చూడకండి, ఉన్న మాటతో అడగండి. ఆయన నమ్మదగినవాడు.

మా ఆయన విజిట్ వీసా మీద వచ్చి ఇదిగో, కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. ముగింపు ప్రార్థన తనే చేస్తానని ఉదయం అడిగారు. మాట నెమ్మదిగా వస్తుంది, మధ్యలో ఆగుతుంది. దయచేసి ఎవరూ మాట అందివ్వకండి, ఆయనే వెతుక్కుని చెబుతారు. తలలు వంచుదాం.