మాగబెట్టిన మొక్కలు

ఎండకు మాడ్చకుండా, నీళ్ళు పొయ్యడం మానకుండా, మేకకు మేపకుండా, పద్దెనిమిది మేలురకం మొక్కల్ని మూడే మూడు రోజుల్లో మోడులు చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నూజివీడు రండి. బజారులో మామిడికాయల కొట్టు ముందు, కాస్త బట్టతలతో, చాలా మంచివాడిలా కూర్చుని ఉంటాను. ఇప్పుడంటే ఇలా నిదానంగా ఉన్నాను గానీ, ఆ రోజుల్లో నాకు బుర్ర కంటే హుషారు ఎక్కువ.

అప్పటికి మాకు పెళ్ళయి మూడు నెలలు. కింద కొట్టు, కొట్టు వెనక గోడౌను, గోడౌనులో కాయల్ని మాగబెట్టే ఏసీ గది, పైన మేడ మీద మా కాపురం. పెళ్ళి చైత్రంలో అయింది. చైత్రం అంటే మీకు ఉగాది గుర్తొస్తుందేమో, మామిడి వ్యాపారికి మాత్రం సీజన్ గుర్తొస్తుంది. తెల్లారకముందే తోటలకు పోవడం, కాయ దింపించడం, లారీలకు ఎత్తించడం. ఆ మూడు నెలల్లో నేను హేమ మొహం కంటే బంగినపల్లి మొహమే ఎక్కువ చూశాను.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలూ అత్తగారూ ఆ నెల ఒకే గడప దాటకూడదు కదా, హేమ ఉంగుటూరులో పుట్టింటికి బయల్దేరింది. బ్యాగు సర్దుకుంటూ సర్దుకుంటూ ఒక్కసారిగా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏమైంది హేమా?"

"ఏం లేదండీ. తలుపు తీస్తే సిమెంటు, కిటికీ తీస్తే ఎదురింటి వాళ్ళ వాటర్ ట్యాంకు. పచ్చగా ఒక్కటీ కనపడదిక్కడ."

"చుట్టూ ఇన్ని మామిడితోటలు పెట్టుకుని పచ్చగా లేదంటావేంటి?"

ఎంత తెలివైన జవాబో చూడండి. ఆవిడ బ్యాగు జిప్ లాగేసింది.

వారం తర్వాత ఫోనులో అంది: "శ్రావణ శుక్రవారాలు కూడా ఇక్కడే చేసుకుని వెళ్ళమంటోందండీ మా అమ్మ."

"నువ్వేమన్నావు?"

"ఇంకా ఏమీ అనలేదు."

నా భార్యకు నా ఇల్లు నచ్చలేదు. ఇవాళ శ్రావణం అంటుంది, రేపు భాద్రపదం అంటుంది, అటు తర్వాత పంచాంగంలో నెలలకేం కొదవ? ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. మా గది ముందున్న ఖాళీ డాబాని, ఫోను వీడియోల్లో చూపించే ద్వీపాల హోటళ్ళ మాదిరిగా, ఆకులతో నింపేస్తాను. చూడగానే హేమ ఉంగుటూరు మర్చిపోవాలి.

కడియం వైపు ఒక నర్సరీకి వెళ్ళాను. ఆ నర్సరీ ఆయన పెద్దమనిషి, ఓపిగ్గా అడిగాడు.

"మీ డాబా మీద ఎండ ఎంతసేపు ఉంటుందండీ?"

"ఎండ సంగతి తర్వాత చూద్దామండీ. ఇదిగో, ఈ ఫొటోలో ఉన్నట్టు ఉండాలి."

"ఈ ఫొటో ఏ ఊళ్ళోదండీ?"

"ఏ ఊరైతే ఏంటండీ, ఆకు ఆకే కదా!"

నేను బీఎస్సీలో బోటనీ చదివానని కూడా ఆయన చెవిన వేశాను. ఆయన ఒక నిట్టూర్పు విడిచి మందారాలు, క్రోటన్లు, ఫైకస్ మొక్కలు, చేటంత ఆకుల ఫిలోడెండ్రాన్లు లెక్కపెట్టి ఇచ్చాడు. మట్టికుండీలు తీసుకుంటే వేళ్ళకు గాలాడుతుందన్నాడు. నేను వింటానా? తెల్లగా నిగనిగలాడే పింగాణీ కుండీలు, ఒక్కోటి గంగాళమంత, పద్దెనిమిది తెచ్చాను. లారీలోంచి దిగుతుంటే మా అమ్మ నోరు తెరిచింది.

"ఒరేయ్, పెళ్ళాం కోసం తెచ్చావా, హోటలు పెడుతున్నావా?"

"చూస్తూ ఉండమ్మా. ఆదివారం నీ కోడలు వచ్చాక నువ్వే మెచ్చుకుంటావు."

అవునండీ, హేమ వస్తోంది. ఎట్టకేలకు ఒప్పుకుంది. శ్రావణం మొదటి ఆదివారం మా మామగారు దిగబెడతానన్నారు. "ఓ రెండ్రోజులు చూసి చెప్తాలే అమ్మకి" అని కూడా అంది. అంటే ఆ రెండు రోజుల్లో నా కాపురం తేలిపోతుందన్నమాట.

అయితే డాబా మీద కొత్త టైల్స్ వేయించాను, అక్కడొచ్చింది చిక్కు. మేస్త్రి నిక్కచ్చిగా చెప్పేశాడు: "మూడు రోజులు దాని మీద బరువు పెట్టొద్దండీ." బయట చూస్తే వాన జాడ లేదు, ఎండ పేలుతోంది. నర్సరీ ఆయన మాట గుర్తొచ్చింది: కొత్త చోటు అలవాటయ్యేదాకా నీడ, చల్లదనం, తేమ ఉండాలని.

నీడ, చల్లదనం, తేమ! మూడూ ఒక్కచోట ఉన్న గది మా కిందే ఉందిగా!

గోడౌన్ చూసుకునే వెంకన్న మా నాన్నకంటే పెద్దవాడు. నేను కుండీలు దొర్లించుకుంటూ వస్తుంటే ఏసీ గది తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"బాబుగారూ, లోపల శ్రావణమాసానికని అరటిగెలలు దింపాం. సాయంత్రం గ్యాస్ పెట్టమన్నారు నాన్నగారు."

"పెట్టు. నా మొక్కలకేమన్నా కాయలున్నాయా, పండిపోవడానికి?"

"ఏమోనండీ. ఆకు మటుకు పండదేంటండీ?"

"వెంకన్నా, నేను బోటనీ చదివాను."

"అయితే సరేనండీ" అని తప్పుకున్నాడు. ఆ 'సరే'లో ఎంత జాలి ఉందో నాకు ఆదివారం దాకా తెలియలేదు.

కాయను పండించే ఆ గ్యాస్ పుట్టు పూర్వోత్తరాలు నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. చిన్నప్పట్నుంచీ ఆ గది పక్కనే పెరిగినవాణ్ణి. అయినా ఆ సాయంత్రం వెంకన్న గ్యాస్ పెట్టి తలుపు బిగిస్తుంటే, పక్కనే నిలబడి "జాగ్రత్తగా మూయి, చల్లదనం పోతుంది" అన్నాను.

ఆదివారం పొద్దున్నే తలుపు తీశాం. గెలలు బంగారంలా పండాయి. మా నాన్న మురిసిపోయాడు. "ఒరేయ్, ఎంత సమంగా పండాయిరా! ఒక్క కాయ తేడా లేదు" అంటూ లోపలికి నడిచాడు. కాళ్ళ కింద గలగలమని చప్పుడైంది. చూస్తే నేలంతా పచ్చటి పసుపు. మందారం ఆకు, క్రోటన్ ఆకు, ఫైకస్ ఆకు, అన్నీ పండి రాలిపోయాయి. ఫిలోడెండ్రాన్లు నిమ్మపండు రంగు తిరిగి తలలు వేలాడేశాయి. పద్దెనిమిది తెల్లటి కుండీల్లో పద్దెనిమిది పుల్లలు.

"ఇవి కూడా సమంగానే పండాయండీ" అన్నాడు వెంకన్న మెల్లిగా.

మా నాన్న నన్ను తిట్టలేదు. భుజం మీద చెయ్యి వేసి, "ఎన్నింటికొస్తారు వాళ్ళు?" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"పదకొండింటికి."

మా అమ్మ ఇలాంటప్పుడే విజృంభిస్తుంది. "నూజివీడులో ఉండి ఆకులకు వెతుక్కుంటారేంట్రా? వెంకన్నా, తోటలోంచి రెండు కొమ్మలు కొట్టుకురా!"

మీరు నమ్మరు. కుండీలు పైకి చేర్చి, కొమ్మలొచ్చాక మిగిలిన రెండు గంటలూ నేనూ, అమ్మా, నాన్నా, వెంకన్నా డాబా మీద కూర్చుని, మందారం పుల్లలకు అరటినారతో మామిడాకులు కట్టాం. తోరణం కట్టిన చేతులు కదా, అమ్మ ముడులు బ్రహ్మాండంగా వేసింది. దూరం నుంచి చూస్తే అడవిలాగే ఉంది. దగ్గరికి రాకపోతే చాలు.

మా మామగారు నేరుగా దగ్గరికే వచ్చారు. ఆయన పొలం మనిషి. కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"అల్లుడుగారూ, ఇదేం రకమండీ?"

"విదేశీ మొక్కండీ మామయ్యగారూ."

"ఆకు మటుకు అచ్చం మన రసాల ఆకులా ఉందే!"

"అవునండీ, అందుకే తెచ్చాను."

ఈలోగా హేమ ఒక ఆకు పట్టుకుని లాగింది. ఆకు వచ్చింది, దాంతో ముడీ వచ్చింది, దాంతో మూరెడు నారా వచ్చింది. ఆవిడ నార వైపు చూసింది, మా అమ్మ చీరకంటిన అరటినార వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఏవండీ, ఏం చేశారు?"

చెప్పాను. ఫొటో, నర్సరీ, టైల్స్, గెలలు, గ్యాస్, బోటనీ, ఏదీ దాచలేదు. బోటనీ దగ్గరికి వచ్చేసరికి మా మామగారు గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. హేమ అయితే నవ్వలేక నేల మీద కూలబడింది. కాసేపటికి పెద్దవాళ్ళు కాఫీలంటూ లోపలికి వెళ్ళారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని అడిగింది.

"నేను తిరిగి రానేమోనని భయపడ్డారా?"

"భయపడ్డాను హేమా. చాలా భయపడ్డాను. ఇక్కడ పచ్చదనం లేదన్నావు కదా."

"నేనన్నది మొక్కల గురించి కాదండీ. మూడు నెలలు, పొద్దున లేస్తే మీరుండరు, చీకటి పడ్డాక వచ్చి అన్నం తింటూనే నిద్రపోతారు. మీరు లేరని మీతోనే ఎలా చెప్పను? సిగ్గేసింది. కిటికీలోంచి ట్యాంకు కనపడితే దాని మీద పెట్టేశాను."

మొట్టమొదటిసారి, ఏ తోటకూ ఏ లారీకీ వేళవుతోందని లేవకుండా, ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. కూర్చోవడమంటే, కుండీలు డాబా అంతా ఆక్రమించేశాయి కాబట్టి, ఇద్దరికీ కలిపి ఒకటిన్నర టైల్ దొరికింది. సరిపోయింది.

మధ్యాహ్నం వాళ్ళమ్మ ఫోను చేసింది. "ఏమే, ఇల్లెలా ఉంది?" అని ఆవిడ అడగడం నాకు వినపడింది. "ఇక్కడ పన్లో పడ్డానమ్మా. ఈయన్ని ఒంటరిగా వదిలితే ఇంట్లో ఏదీ బతకదు" అంది హేమ.

కాబట్టి పాఠకులారా, అరటిగెలల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా భార్య ఏదైనా లేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, అది కొనుక్కురావడానికి పరిగెత్తను. ముందు పక్కన కూర్చుంటాను, సీజనైనా సరే. మరీ అవసరమై మొక్కలే కొనాల్సొస్తే, హేమను వెంట తీసుకెళ్తాను, నర్సరీ ఆయన మాట వింటాను, నేను బోటనీ చదివిన సంగతి ఎవరికీ చెప్పను.