దుర్యోధనుడి మీసం

మాది కొండపల్లి. కొయ్యబొమ్మలు చేస్తాం. నాకు రాయడం అలవాటు లేదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఆ ఎండాకాలం పాకాల దగ్గర కొండ కింద మామిడితోటలో, బొమ్మలు చేసేవాళ్ళు కొన్నాళ్ళు ఉండి పనిచేసుకునే శిబిరానికి నన్నూ పిలిచారు. పక్క ఊళ్ళో భారతం ఉత్సవానికి కుమ్మరి మునెప్ప మట్టితో ఇంటి పొడుగు దుర్యోధనుణ్ణి నేలమీద పడుకున్నట్టు చేస్తుంటే, తోట వదిలేసి అక్కడికే పోయేవాణ్ణి. ముఖం నాకే వదిలేశాడు. నా చేతిలో అంత బాగా కుదిరిన ముఖం ఇంకోటి లేదు.

ఆఖరి రోజు భీముడి వేషగాడు గదతో బొమ్మ తొడమీద కొట్టాడు. వెంటనే జనమంతా మీదపడి మట్టి పెళ్ళలు పీకసాగారు. పరుగెత్తి ముఖానికి అడ్డం నిలబడ్డాను.

"దుర్యోధనుడికి సుట్టమొచ్చినాడే, సూడండప్పా" అంది ఒక ముసలామె. అందరూ నవ్వారు.

"ఇంత కష్టపడి చేసింది పగలగొడతారా?" అని మునెప్పను అడిగాను.

"పగలగొట్టేదానికే గదప్పా చేసింది. ఈ మన్ను గాదెలో ఏస్తే గింజలకు కొదవుండదు. ముఖం బాగా కుదిరిందని అందరికీ అదే కావాలంట. జరుగు."

జరిగాను. ముసలామె నేను దిద్దిన మీసాన్ని విరిచి కొంగులో కట్టుకుంది.

"నీ సెయ్యి సల్లగుండాల నాయనా" అని వెళ్ళిపోయింది.