చెమట తుడిచే మనిషి

మా డాక్టరుగారికి చెమట తుడవడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేది. జమీందారీ దర్జా అనుకునేరు, కాదు. ఆపరేషన్ చేసేవాళ్లు చేతులు కడుక్కుని గ్లవ్స్ తొడుక్కున్నాక మొహం తాకకూడదు. తాకితే మళ్లీ మొదటికొచ్చి కడుక్కోవాల్సిందే. గుడివాడలో నేను పనిచేసిన ఆ నర్సింగ్ హోము థియేటర్లో, దుమ్ము రేపుతుందని ఫ్యాను పెట్టలేదు. కిటికీలు మూసి ఉండేవి. నెత్తిమీద దీపం వేడి దీపానిదే. కాసేపటికల్లా డాక్టరుగారి నుదురు ధారలు కట్టేది. ఆయన తల కాస్త పక్కకి తిప్పేవారు, పక్కన నిలబడ్డ నర్సు మడతపెట్టిన గాజుగుడ్డతో అద్దేది, ఆయన "ఊఁ" అని మళ్లీ వంగేవారు.

నేను ఆయనకెదురుగా నిలబడి పనిముట్లు అందించే థియేటరు సిస్టర్ని. నాకు తుడిచే మనిషి లేదు, అక్కర్లేదు కూడా. ఎంత ఎండాకాలమైనా నా మొహం పొడిగానే ఉండేది. "మీకు చెమట పెట్టడం దేవుడు మర్చిపోయాడు సిస్టరూ" అని ఆయన వేళాకోళం ఆడితే పైకి నవ్వి లోపల గర్వపడేదాన్ని. ఎందుకు పడకూడదూ? దివిసీమలో కూలికి నాట్లు వేసే ఇంట్లో పుట్టి, బందరులో నర్సింగు చదివి, ఆ గదిదాకా వచ్చినదాన్ని. ఆ గదిలో నాకు నచ్చనిదంటూ లేదు, స్పిరిట్ వాసనతో సహా.

ఉప్పెన వచ్చి వెళ్లిన రెండో ఏడు. మా వరండాలో క్రిస్మస్ స్టారు ఇంకా దించలేదు. ఓ పొద్దున్న హెర్నియా ఆపరేషన్. బయట మా ఆయా చలికి చెవులకు గుడ్డ చుట్టుకుని కూర్చుంది. లోపల నాకేమో గుండెల మీద ఎవరో కుంపటి పెట్టినట్టయింది. ఆ వేడి మెడకి పాకింది, చెంపలకి ఎక్కింది, చెవుల్లో దూరింది. మాస్కు తడిసి ముక్కుకి అతుక్కుపోయింది. కనుబొమ మీంచి ఒక చుక్క జారి పనిముట్ల ట్రేలో పడింది. నా చెమట! ఆ ట్రే తీసేయించి ఇంకోటి తెరిపించేదాకా డాక్టరుగారు చేతులు పైకెత్తుకుని నిలబడ్డారు. తిట్టినా బాగుండేదనిపించింది.

మలేరియా అనుకున్నాను. రక్తం తీయించాను, లేదన్నారు. టైఫాయిడ్ కూడా కాదు. మళ్లీ వేడి పుట్టినప్పుడు పరుగెత్తుకెళ్లి నాలిక కింద థర్మామీటరు పెట్టుకున్నాను. నార్మల్! మొహం మీద అప్పడం కాల్చుకోవచ్చు, అదేమో నీకేం లేదు పొమ్మంటుంది. థర్మామీటరు పాడైందేమోనని వార్డులో జ్వరం ఉన్న పేషెంటుకి పెట్టి చూశాను. చక్కగా పనిచేస్తోంది.

నెలసరి అప్పటికి కొంతకాలంగా తన ఇష్టం వచ్చినప్పుడు వస్తూ పోతూ ఉంది. ఈ రెంటికీ ముడిపెట్టడానికి నాకు నెల పట్టింది. ఎన్ని కాన్పులు చూసిన చేతులండీ ఇవి! సిగ్గేసింది. చదువుకున్న రోజుల నాటి పుస్తకం దుమ్ము దులిపి తీస్తే కాన్పు గురించి పేజీలకి పేజీలు, ఇది మాత్రం ఒక్క పేరా. కొందరికి వేడి ఆవిర్లు వస్తాయట, చిరాకు పడతారట, తర్వాత సర్దుకుంటుందట. ఎన్నాళ్లకి? కింద నుంచి పైకే ఎందుకు పాకుతుంది? చలిలోనూ ఎందుకొస్తుంది? నా ఒంట్లోనే నాకు తెలియని గది ఒకటి ఉందన్నమాట. నిజం చెప్పొద్దూ, భయం కన్నా కుతూహలమే ఎక్కువైంది. అడగడం మొదలుపెట్టాను.

మొదట దొరికింది మా ఆయా. బందరు నుంచి వచ్చిన సాయిబుల ఆవిడ, నాకన్నా పదేళ్లు పెద్దది. "పిన్నిగారూ, ముట్లుడిగినప్పుడు మీకెలా ఉండేది?" అని సూటిగా అడిగేశాను. ఆవిడ అటూ ఇటూ చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, "రెండేళ్లపాటు మా ఆయన మొహం చూస్తే చాలు, ఒళ్లంతా మంటలేనండీ. అది దానివల్లో ఆయన మొహం వల్లో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను" అంది. ఇద్దరం కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వుకున్నాం. కానీ ఆ రెండేళ్లూ ఎవరికైనా చెప్పారా అంటే, "ఎవరికి చెప్తామండీ, ఏమని చెప్తాం?" అంది. తర్వాత చర్చిలో ఇద్దర్నీ, మా వీధిలో టీచరుగారినీ కదిపాను. అందరికీ తెలుసు. అందరూ అది తమ ఒక్కళ్లకే అనుకున్నారు.

ఇంతలో థియేటర్లో నా చెమటకి మరో ట్రే పోయింది. ఆ తర్వాత ఒకసారి, పనిముట్లు ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవు మూత సరిగ్గా బిగించలేదని, డాక్టరుగారికి చెమట తుడిచే నర్సు మీద గట్టిగా అరిచాను. ఆమెది తోట్లవల్లూరు. ముప్పై ఏళ్లుంటాయి, నెమ్మదస్తురాలు, పనిమంతురాలు. ఆ అరుపు డాక్టరుగారి చెవిన పడింది. సాయంత్రం పిలిపించారు.

"కూర్చోండి సిస్టరూ. ఏమనుకోకండి. మెనోపాజు కదా, ఈ వయసులో ఆడవాళ్లకి నరాలు బలహీనపడతాయి. కోపం కూడా వస్తుంది. ఒకటో తారీఖు నుంచి మీరు స్టోరు చూసుకోండి. కూర్చుని చేసే పని, ఫ్యాను కూడా ఉంది. థియేటరు ఆ అమ్మాయి చూసుకుంటుంది." ఇలా అంటూ ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నారు. మరీ చెడ్డగా ఏమీ అనలేదు. నామీద దయతోనే చెప్పారు. స్టోరు తాళంచెవి నా ముందు పెట్టారు.

స్టోరంటే దుప్పట్లు, గాజుగుడ్డ తానులు, ఫినాయిల్ డబ్బాలు. బతికుండగానే అటకెక్కించడమే. నాకు ఒళ్లు మండిపోయింది, ఈసారిది మాత్రం ఆ మంట కాదు. కోపం ఈ వయసులో వచ్చిందట! నా కోపం నాతోపాటే పుట్టింది, మా అమ్మనడగండి. ఆయన ఫోర్సెప్స్ గోడకేసి కొట్టినప్పుడల్లా అది సర్జను చురుకుదనం అని మేమే చెప్పుకునేవాళ్లం. నాకన్నా ఆయన పన్నెండేళ్లు పెద్ద. ఇవన్నీ ఇంటికొచ్చాక గుర్తొచ్చాయి. అక్కడ మాత్రం "సరే సార్" అని తాళంచెవి కొంగున కట్టుకుని వచ్చేశాను.

ఆ ఆదివారం పామర్రులో బస్సు మారి అవనిగడ్డ మీదుగా మా ఊరు వెళ్లాను. అమ్మ, ఉప్పెన తర్వాత సర్కారు కట్టిచ్చిన కాలనీ ఇంట్లో ఉంటోంది. అరుగు మీద కూర్చుని చింతకాయలు ఒలుస్తోంది. నేనూ ఒక కత్తిపీట లాక్కుని కూర్చుని, అడుగుదామా వద్దా అని కాసేపు నసిగి, అడిగేశాను.

"ఆవిర్లా? రాకేం చేత్తయ్యే? నాట్లల్లో నిలువునా కమ్ముకొచ్చేయి" అంది, వానొచ్చింది అన్నంత మామూలుగా.

"మరి ఏం చేసేదానివి?"

"ఏం చేత్తాం, నాట్లేసేదాన్ని. పని మానేత్తే మేస్త్రి ఊరుకుంటాడా?"

"చెమట కళ్లల్లో పడేది కాదూ?"

అమ్మ చింతకాయ పక్కన పెట్టి నా వంక చూసింది. "చేతులు మోచేతులదాకా బురదాయె. మొహం ఎట్టా తుడుచుకుంటాం? గట్టు మీంచి నారు కట్టలు అందిచ్చే మనిషి ఉండుద్దిగా, దాని చేతులు కాత్త శుభ్రం. వంగుని 'తుడువే' అంటే కొంగుతో తుడిచేది. అందరికీ తుడిచేది. అయినా నువ్వే తుడిచేదానివిగదే చిన్నప్పుడు! బడి లేనప్పుడు నారు అందిచ్చడానికొచ్చి, నీ పరికిణీ అంతా బురదజేసుకుని. మర్చిపోయావా?"

మర్చిపోయాను. అమ్మ చెప్పాక కదా కళ్ల ముందుకొచ్చింది: వరసగా వంగి ఉన్న ఆడవాళ్లు, ఒకళ్ల తర్వాత ఒకళ్లు నా వైపు మొహాలెత్తడం, వాళ్ల కళ్లు మూసుకుని ఉండటం. అందులో ఎవరికి ఎండ చెమటో, ఎవరికి ఈ చెమటో నాకేం తెలుసు. ఎవరూ అడగనూ లేదు. మొహం తడిస్తే తుడవాలి, అంతే. మరి నేను? ఇన్నాళ్లూ ఆ థియేటర్లో నిలబడి, ఎదురుగా ఆయనకి తుడుస్తుంటే చూస్తూ, "నాకూ తుడువు" అనే రెండు ముక్కలు నోటికి రాకపోవడం ఏమిటి! తిరుగు బస్సులో అదే ఆలోచన. తుడిపించుకోవడం డాక్టర్ల హక్కని నాకెవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

ఒకటో తారీఖు ఇంకా రెండు రోజులుంది. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. మధ్యాహ్నం పెదపారుపూడి వైపు నుంచి ఒక కాన్పు కేసు వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది, కోసి తీయాలి. థియేటర్లో నిలబడ్డాం. నెప్పులతో అలిసిపోయిన ఆ పిల్లకి ఇరవై కూడా ఉండవు. కోత పడింది. రెండో నిమిషంలో నాకు గుండెల్లో కుంపటి రాజుకుంది.

పాకుతోంది. మెడ. చెంపలు. కనుబొమల దగ్గర తడి పోగవుతోంది. ఇంకో క్షణంలో ట్రేలో పడుతుంది. ఈ ట్రే పోతే కొత్తది తెరిచే తీరుబాటు ఆ తల్లికి లేదు. అప్పుడే డాక్టరుగారికి అద్ది చెయ్యి వెనక్కి తీసుకుంటోంది ఆ తోట్లవల్లూరు అమ్మాయి.

"అమ్మాయ్, నాకూ తుడువు" అన్నాను.

ఆమె గాజుగుడ్డ పట్టుకుని డాక్టరుగారి వంక చూసింది. ఆయన తలెత్తకుండానే, "ఏంటి సిస్టరూ? ఇందుకే కదా మిమ్మల్ని స్టోరుకి వెళ్లమంది" అన్నారు.

నాకు చర్రున లేచింది. "ఇన్నేళ్లుగా మీకు తుడుస్తున్నాం సార్. ఒక్కనాడైనా మిమ్మల్ని స్టోరుకి పొమ్మన్నామా?"

మత్తిచ్చే డాక్టరు దగ్గాడు. అది దగ్గు కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

"ముందు క్లాంప్ ఇవ్వండి" అన్నారు డాక్టరుగారు గట్టిగా.

"ఇచ్చాను సార్. మీ చేతిలోనే ఉంది."

ఆయన చేతికేసి చూసుకున్నారు. ఆ అమ్మాయి ఇక ఆయన జవాబు కోసం ఆగలేదు. కొత్త గాజుగుడ్డ తీసి నా నుదురు, కనుబొమలు, కళ్ల కిందా నెమ్మదిగా అద్దింది. నేను కళ్లు మూసుకున్నాను. ఒక్క క్షణమే. ఏడుపొచ్చింది, అది కూడా ఆమే అద్దింది. ట్రేలో ఒక్క చుక్క పడలేదు. బిడ్డ బయటికొచ్చి, కాస్త బెట్టు చేసి, కెవ్వుమంది. ఆడపిల్ల.

ఆ రోజు డాక్టరుగారు నాతో మాట్లాడలేదు. మర్నాడూ లేదు. ఇంత నోటిదురుసు చూపించాక స్టోరు కూడా దక్కుతుందో లేదో అనుకున్నాను. భయమేసింది, అబద్ధమెందుకు. నాకు ఆ గది తప్ప ఇంకేమీ రాదు.

ఒకటో తారీఖు పొద్దున్నే, కొంగున ముడివేసిన తాళంచెవి విప్పి తీసుకెళ్లాను. డాక్టరుగారు కుళాయి దగ్గర మోచేతులదాకా సబ్బు నురగతో నిలబడి ఉన్నారు. ఆ చేతులతో ఏమీ ముట్టుకోకూడదు.

"ఇది ఎవరికివ్వమంటారు సార్?" అన్నాను.

ఆయన తాళంచెవి వంక చూశారు, నా వంక చూశారు. నుదుటి మీంచి చెమట ముక్కు మీదికి జారుతోంది. ముక్కు చిట్లించి, "ఆ కిటికీలో పెట్టండి. తర్వాత చూద్దాం. ఇవాళ అపెండిక్స్ ఉంది, త్వరగా రండి" అన్నారు. ఆయనన్న ఆ 'తర్వాత' ఎప్పటికీ రాలేదు. నాకు ఆవిర్లు మాత్రం మరో మూడేళ్లు వచ్చాయి. మా సిస్టరుకి నోరెక్కువ అని ఆయన అందరికీ చెప్పుకునేవారు. చెప్పుకోనీ.

లోపలికి వెళ్లాను. ఎప్పుడూ ఒక గాజుగుడ్డల బొత్తి ఉండే బల్ల మీద, ఆ పొద్దున రెండున్నాయి. ఆ రోజు నుంచి ఆ థియేటరు తన చేతికి రావలసిన మనిషి, నా వైపు తిరగకుండా మాస్కు కట్టుకుంటూ అంది.

"ఇటువైపువి మీవక్కా."