పెదనాన్న కేసెట్‌లో పియానో

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. రాజోలులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఇలాంటి కథలు ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

మా పెదనాన్న జాజ్ పియానో వాయించేవారు. కలకత్తాలో ఒక పెద్ద హోటల్లో ఉద్యోగం. జనం చప్పట్లు, గ్లాసుల చప్పుడుతో సహా ఆ సాయంత్రాలను కేసెట్లలోకి ఎక్కించుకుని, సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లో దాచుకునేవారు. అవి ఎక్కడా విడుదల కాలేదు. ఆయన పోయాక, పాత సంగీతం సేకరించే ఒకాయన ఫోన్ చేసి, ఆ కేసెట్లు ఇస్తే ఆల్బమ్‌గా తెస్తామన్నారు.

ఆ మాట చెప్పగానే పెద్దమ్మ ముఖం వాడిపోయింది. పెళ్లయిన కొత్తలో ఆమె దృష్టిలో అవి తాగే చోట వాయించే, దేవుడికి గిట్టని లోకపు పాటలు. కేసెట్లు పారేయడం దండగని, వాటి మీదే మా ఇంట్లో జరిగే ప్రార్థన కూడికలు రికార్డు చేయించింది. పెదనాన్న వచ్చి చూసుకుని ఒక్క మాట అనలేదట. ఆ ఏడే ఉద్యోగం వదిలేసి వచ్చి కొబ్బరి వ్యాపారంలో దిగారు. మళ్లీ పియానో ముట్టలేదు.

“ఒక్క పాటైనా మిగిలిందేమో చూడమ్మా. ఆయన వాయిస్తా ఉంటే ఒక్కనాడూ కూర్చుని విన్న పాపాన పోలేదు నేను” అంది.

పాత టేప్ రికార్డర్ బాగుచేయించి, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక కేసెట్లు ఒక్కొక్కటే పెట్టాం. అన్నింట్లోనూ పాస్టరుగారి వాక్య ప్రసంగాలు, కీర్తనలు. ఆఖరిదాన్లో మాత్రం పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే అడుగున సన్నగా పియానో వినపడింది.

నేను తేలిగ్గానే తీసుకున్నాను. పాతది పూర్తిగా చెరగకపోతే అలా మిగలడం మామూలే. కానీ మిగిలింది తన దారిన తాను పోవాలి కదా. ఇది పాస్టరుగారు ఊపిరి తీసుకునే చోట పైకొచ్చి, ఆయన అందుకోగానే తగ్గుతోంది. కీర్తన ఎత్తుకుంటే ఆ శ్రుతిలోనే తోడు వాయిస్తోంది. ఆ కూడికలో ఏ వాయిద్యమూ లేదని పెద్దమ్మ గట్టిగా చెప్పింది.

ఫోన్లో రికార్డు చేశాను. పాస్టరుగారి గొంతు వచ్చింది, పియానో రాలేదు. వైరు పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించినా అంతే. ఆ సేకరించే ఆయనకు పంపడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంకాసేపటికి టేపులో పెద్దమ్మ గొంతే వచ్చింది, పడుచు గొంతు. “మా ఆయన్ని ఆ పియానో నుంచి విడిపించు ప్రభువా” అని ఏడుస్తూ ప్రార్థన చేస్తోంది.

పియానో ఆగిపోయింది. ఆమె ఆమెన్ అన్నాక మళ్లీ మొదలైంది. వెనక్కి తిప్పి పెట్టాను. మళ్లీ అక్కడే ఆగింది. ఎన్నిసార్లు పెట్టినా అక్కడే.

“నా గొంతు రాగానే ఆపేస్తన్నారేంటమ్మా? వింటన్నారా, నా మీద కోపమొచ్చిందా?” అంది పెద్దమ్మ.

ఇంత చదువుకున్నా, అసలు పియానో ఎలా వస్తోందో, ఎందుకు ఆగుతోందో ఈరోజుకీ నాకు తెలియదు. ఆమె రోజూ పెట్టుకుని వింటోంది. టేపు అరిగిపోతోంది. ఆపమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

నిన్న వెళ్లేసరికి, తన ప్రార్థన వచ్చే చోట రెండు అరచేతులతో స్పీకరు మూసేసి కూర్చుంది. నన్ను చూసి, “నా మాట ఆయనకి వినపడకుండా ఉంటే ఆపరేమోనమ్మా” అంది.