చారల గుడ్డ మీద సూదులు

టైలరమ్మ నోరంటే వీధంతా హడల్. కుట్టించుకున్నవాళ్లు ఒళ్లు చేసి గౌను బిగుతైపోతే, తప్పు గౌనుదని ఒప్పుకునే రకం కాదావిడ. "తిండి తగ్గించండి, కుట్లు మాత్రం విప్పను" అని మొహం మీదే అనేస్తుంది. అంతటి మనిషికీ ఇంట్లో గండం వచ్చిపడింది. ఆయన మాట్లాడడం మానేశాడు.

ఆయనంటే మొగుడు, లెక్కల మాస్టారు. బడిలో ఆయన గొంతెత్తితే పక్క క్లాసు పిల్లలు కూడా లేచి నిలబడేవాళ్లట. జబ్బుపడి లేచాక కుడిచేతికి వణుకు పట్టుకుంది. సుద్దముక్క నిలవడం లేదని బడి మానేశాడు. "ఇంక నేనెందుకూ పనికిరానే" అని ఒక్క మాట అనేసి, కిటికీ పక్క కుర్చీలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. తిట్టినా ఉలకడు, పలకడు. ఆయన్నలా చూస్తే టైలరమ్మకి ప్రాణం ఉసూరుమనేది.

ఓ రోజు గుండ్రటి టేబుల్ గుడ్డకి లేసు కొలుస్తూ, ఆయన వినాలనే గట్టిగా అంది: "అడ్డం కొలతకి మూడింతలు, మీద కాస్త కొసరు. ఉత్త మూడింతలే తీసుకుంటే చాలి చావదు. ఈ కొసరెక్కణ్నుంచి ఊడిపడిందో!"

"గుండ్రటివాటిలోనే కాదే, సూదులు పడెయ్యడంలోనూ ఉందా మూడు మీద కొసరు," అన్నాడాయన ఉన్నట్టుండి.

ఆవిడ చేతిలో టేపు జారిపోయింది. ఇన్నాళ్లకి నోరు విప్పాడు మహానుభావుడు! "కోతలు కొయ్యకండి. సూదిలో గుండ్రమెక్కడిదీ?"

ఆయనకి పంతం వచ్చింది. బల్ల మీద చారల గుడ్డ పరవమన్నాడు. చారకీ చారకీ మధ్య ఎడం, సూది పొడవు ఒకటే ఉండాలి. సూదుల్ని గురి చూడకుండా పడెయ్యాలి. మొత్తం సూదుల లెక్కని రెట్టింపు చేసి, చారని తాకినవాటి లెక్కతో భాగిస్తే ఆ మూడు మీద కొసరుకి దగ్గరగా రావాలి.

"గురి లేకుండానా? అయితే మీ చెయ్యే కావాలి. నా పాడు చెయ్యి సూది పట్టిందంటే తిన్నగానే పోతుంది," అందావిడ.

ఆయన తన చెయ్యి వంక కాసేపు చూసుకున్నాడు. తర్వాత సూదుల పెట్టెలన్నీ ఖాళీ చేసి, ఆ వణికే చేత్తోనే గుప్పెడు గుప్పెడు జల్లాడు. "ఇది కూడా రాకపోతే ఇక నా దగ్గర లెక్కల మాటెత్తకు," అంటూ కళ్లజోడు కోసం లోపలికెళ్లాడు.

టైలరమ్మ బల్ల దగ్గరికి ఉరికింది. రాకపోతే మళ్లీ ఆ కుర్చీయే, ఆ రాయే! ఎక్కువ సూదులు తాకితే మంచిదే కదా అనుకుని, చారలకి అందకుండా పడినవాటిని వేలితో గబగబా చారల మీదికి సర్దేసింది.

ఆయనొచ్చి లెక్కేశాడు. రెండున్నర కూడా దాటలేదు! తాకినవి పెరిగితే జవాబు తరిగిపోతుందని ఆవిడకేం తెలుసు పాపం? మాస్టారి మొహం మాడిపోయింది. కాగితం పక్కన పడేసి కుర్చీ వైపు తిరిగాడు.

"ఇంకొక్కసారి చూడండీ," అందావిడ ఏడుపు గొంతుతో.

ఆయన విసుగ్గా బల్ల మీదికి వంగాడు. అక్కడక్కడ కొన్ని సూదులు చారలకి సరిగ్గా అడ్డంగా, ఒకేలాంటి ఎడంతో, అంచు మడిచి గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. అంత కంగారులోనూ ఆ కుట్టుచెయ్యి సూదిని వంకరగా పెట్టలేకపోయింది.

"కాపీ!" కిటికీ అద్దాలు దద్దరిల్లాయి. "నా క్లాసులో కాపీయా? ఎవరది? నిలబడు!"

వీధిని హడలెత్తించే మనిషి చటుక్కున లేచి, చేతులు కట్టుకుని నిలబడింది. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు. తిట్లు తినడంలో ఇంత సుఖముందని కలలో కూడా అనుకోలేదావిడ.

"తప్పయిపోయింది మాస్టారూ."

"సిగ్గులేదూ? ఏరు సూదులన్నీ. మళ్లీ మొదట్నుంచి!" అని ఆయన వణికే చెయ్యి ముందుకు చాపాడు.